పూలు చల్లబోయిన విమానం

విమానానికి గుడ్డ తొడుగుతారని చెబితే మా వాడకట్టులో ఎవరూ నమ్మేవారు కాదు. విమానమంటే మెరిసే రేకుతో చేస్తారని అందరి ఊహ. నేను పనిచేసిన చిన్న విమానాలు అలాంటివి కావు. సన్నటి ఉక్కు గొట్టాల పంజరం, దాని మీద గుడ్డ, గుడ్డ మీద రంగు. లోపల ఇద్దరు కూర్చోవచ్చు. గుడ్డను జిగురుతో అతికించి పైన ఇస్త్రీ పెట్టె నడిపిస్తే, అది వేడికి ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. వేలితో కొడితే మోగాలి. ఎక్కడైనా మెత్తగా పలికిందా, అక్కడ విప్పి మళ్లీ చేయాల్సిందే.

ఈ పనిలోకి రావాలనుకునే ఆడపిల్లలు ఇద్దరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండమ్మా" అన్నారు. మంచి అనుభవాలు చాలా ఉన్నాయి. కానీ అడిగిన వెంటనే నా నోటికి వచ్చింది ఇదొక్కటే. చెబుతుంటే గొంతు లేచింది. పిల్లలు భయపడ్డారేమో కూడా. అందుకే నెమ్మదిగా కూర్చుని రాస్తున్నాను. రాసినా కోపం తగ్గుతుందన్న నమ్మకం లేదు.

పాలమూరులో మా బాపు దర్జీ. కుట్టుమిషను చప్పుడు వింటూ పెరిగాను. పెళ్లయి హైదరాబాదు వెళ్లాక, పైలట్లకు శిక్షణ ఇచ్చే ఒక క్లబ్బులో సీట్లకు కవర్లు కుట్టే పని దొరికింది. అక్కడున్న ఇంజనీరు నా కుట్టు చూసి, "రెక్క మీద కుడతవా అమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఆ షెడ్డులో ఆడమనిషి చేత రెంచి కూడా పట్టించినవాళ్లు లేరు. ఆయన పట్టించారు. గుడ్డ తొడగడం, తీగలు బిగించడం, చక్రాలు విప్పడం, బెల్టులు అమర్చడం అన్నీ ఆయనే నేర్పారు. పరీక్షలు రాయించారు. నా పని చూసి పెదవి విరిచినవాళ్లతో నా తరఫున పోట్లాడారు. ఇదంతా ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఈ కథలో నా కోపం ఎక్కువగా ఆయన మీదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఒక భూముల వ్యాపారికి విమానాల మీద మోజు పుట్టింది. విదేశాల నుంచి పెట్టెల్లో విడిభాగాలు తెప్పించి, ఇక్కడ కూర్చి, చిన్న విమానాలు తయారు చేద్దామని మా ఇంజనీరును పిలిచాడు. ఇంజనీరు నన్ను పిలిచారు. నల్గొండ నుంచి కేతేపల్లి వైపు పోయే దారిలో అతనిదో వెంచరు ఉండేది. ప్లాట్లు అమ్ముడుపోలేదు. అందులో వెడల్పాటి రోడ్డునే రన్‌వే చేశాడు. అటూ ఇటూ హద్దురాళ్లు అలాగే ఉండేవి. ఈస్టు ఫేసింగు ప్లాట్ల మధ్య నుంచి విమానం లేవడం నేను అక్కడే చూశాను.

పని మాత్రం మంచి పని. కాదనను. పెట్టెలు విప్పి పంజరాన్ని నిలబెట్టినప్పటి నుంచి ఇంజను మొదటిసారి తిరిగేదాకా ప్రతి రోజూ పండగలాగే ఉండేది. నల్గొండలో చిన్న గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. షెడ్డులో పైలటు ఒకడు ఉండేవాడు. మా పాలమూరు వాడే. అమ్మానాన్నలు ఇటుక బట్టీల్లో కూలి చేసినవాళ్లు. చర్చివాళ్లు కొంత, సర్కారు స్కాలర్‌షిప్పు కొంత కలిసి చదివించాయి. వాళ్ల వాడలో విమానం ఎక్కినవాడే లేడంటే, ఇతను నడిపేవాడయ్యాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. నా టిఫిను డబ్బా మూత తీయగానే ఎక్కడున్నా వాసన పట్టి వచ్చేవాడు. "అక్కా, పాలమూరు జొన్నరొట్టె ఇంజను కన్న గట్టిగుంటది" అనేవాడు, నమిలినంతసేపు.

ఇదిలా ఉండగా యజమాని వ్యాపార భాగస్వామి కేతేపల్లి దగ్గర తన తండ్రికి విగ్రహం పెట్టించాడు. ఆవిష్కరణ రోజు విమానంలోంచి పూలు చల్లాలన్నారు. అది మా షెడ్డుకు గొప్ప ప్రచారమవుతుందని యజమాని సంబరపడ్డాడు. విమానం కడుపులో కన్నం పెట్టి, సీటు వెనకాల పూలు నింపి, పైలటు తాడు లాగగానే అవి కింద పడేటట్టు చేయమన్నాడు.

నేను వద్దన్నాను. సీటు వెనకాల నుంచే తోకకు తీగలు వెళ్తాయి. పైలటు చేతిలోని కర్ర వెనక్కి లాగితే, ఆ తీగ ఒక గిరక మీదుగా వెళ్లి తోకరెక్కను కదిలిస్తుంది. అప్పుడు ముక్కు పైకి లేస్తుంది. బావి గిరకలో గుడ్డపేలిక ఇరుక్కుంటే చేద పైకి రాదు కదా, ఇదీ అంతే. అక్కడ ఏదీ తగలకూడదు. ఇంజనీరు కూడా నాతో ఏకీభవించారు. కానీ యజమాని ఎదుట ఆ మాట ఇలా అన్నారు: "కష్టమే సార్. కాని ఏదన్న చేద్దాం."

ఆ "ఏదన్న" నా మీద పడింది. మిగిలిన రెక్క గుడ్డతో నేను ఒక గొట్టం కుట్టాను. పై మూతి పూల బుట్టకు, కింది మూతి కడుపులోని కన్నానికి గట్టిగా బిగించేటట్టు. పూలు ఆ గొట్టంలోనే జారాలి, తీగల వైపు ఒక్క రేకు కూడా పోకూడదు. పూలు కూడా దారం లేకుండా విడి రేకులే ఉండాలని చెప్పాను. ఒక బుట్టతో ఎగిరి చూశాం. బాగా పనిచేసింది. పైలటు దిగుతూనే బొటనవేలు పైకెత్తి చూపాడు.

యజమానికి మాత్రం నచ్చలేదు.

"గిదేందమ్మా? పూలు చల్లుతున్నవా, పసుపు చల్లుతున్నవా? వీడియోల కనపడొద్దా?"

"సన్నగ పడితేనే మంచిది సార్. ఒక్కసారే పడెయ్యాల్నంటే గొట్టం చాలదు" అన్నాను.

"చాలకపోతే పెద్దది కుట్టు."

"పెద్దది పెడితే తీగలకు తగుల్తది. వద్దు."

అతను నా వైపు కాకుండా ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు నేల చూశారు.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. విమానం దగ్గర నా పని మొదలుపెట్టకముందే యజమాని వచ్చి, ఊరి పెద్దలు వెంచరు మీదుగానే వస్తున్నారని, గేటు దగ్గర నిలబడి వాళ్లకు బొట్టు పెట్టి గులాబీ ఇవ్వమని చెప్పాడు. నేను తిరిగి చూశాను, నాకేనా అని.

"నువ్వే. ఆడమనిషివి నువ్వొక్కదానివే గద ఈడ!"

జీవితమంతా గ్రీజులో గడిపిన చేతులకు ఒక కుంకుమ గిన్నె ఇచ్చారు. ఇంజనీరు పక్కనే ఉన్నారు. నేను చూస్తే, "జరసేపే కదమ్మా, పోయి రా" అన్నారు. మా ఇంటికి వచ్చిన ఆ ఆడపిల్లలకు ఇది కూడా చెప్పాను. మిమ్మల్ని పని దగ్గర నుంచి దూరంగా జరపాలంటే ఎప్పుడూ తిట్టే జరపరు, ఒక్కోసారి గౌరవం లాంటిది చేతిలో పెట్టి జరుపుతారు.

గేటు దగ్గర ఎండలో నిలబడి తెల్లబట్టల వాళ్లకు బొట్లు పెడుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. విమానం హద్దురాళ్ల మధ్య పరుగెత్తి లేచింది. మామూలుకన్నా ఆలస్యంగా లేచినట్టు అనిపించింది. గిన్నె గోడ మీద పెట్టి షెడ్డులోకి వెళ్లాను.

నేను కుట్టిన గొట్టం నేల మీద పడి ఉంది. దాని పక్కన ఖాళీ గోనెసంచులు. సంచుల్లో అక్కడక్కడ మిగిలిన బంతిపూలు విడిగా లేవు. దారానికి గుచ్చిన మూరలు మూరలుగా ఉన్నాయి. మార్కెట్టు నుంచి దండలు తెచ్చి, విప్పే ఓపిక లేక, అలాగే కుక్కారు.

ఇంజనీరు షెడ్డు బయట, పైలటుతో మాట్లాడే చేతి రేడియో పట్టుకుని ఆకాశం చూస్తున్నారు.

"సార్, గొట్టం ఎవలు తీసిండ్రు?"

"ఆయనే తీపిచ్చిండు. ఎక్కువ పూలు పట్టాల్నని."

"పైలటుకు చెప్పిండ్రా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"దండలు నింపిండ్రు సార్! దారం గిరకకు చుట్టుకుంటది. ఎనుకకు రమ్మనుండ్రి. పూలు వడెయ్యకుండ వచ్చి దిగమనుండ్రి."

"అక్కడ అందరు కూసున్నరమ్మా. ఒక్క రౌండే గద. ఏం కాదు."

"మీకు తెల్వదా ఏమైతదో? నాకు నేర్పింది మీరే గద!"

ఆయన బొటనవేలు రేడియో బటను మీదే ఉంది. నొక్కలేదు. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ముఖంలో భయం స్పష్టంగా ఉంది. కానీ ఆ భయం పైలటు గురించి కాదు. యజమానికి ఏం జవాబు చెప్పాలా అని. నేను రేడియో గుంజుకుని పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. విమానం గుట్టల అవతలికి పోయింది. ఆ చేతి రేడియో అంత దూరం అందదు. మేం మాట్లాడుకున్న కాసేపట్లోనే అందే దూరం దాటిపోయింది.

తర్వాత జరిగింది పైలటు చెప్పగా తెలిసింది. తాడు లాగగానే పూలు కొన్ని పడ్డాయి. మిగతావి లోపలే ఇరుక్కున్నాయి. విమానం పైకి లేపుదామని కర్ర వెనక్కి లాగితే రాలేదు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా విగ్రహం, షామియానా, జనం. ఇంజను వేగం పెంచి, పక్కకు వాల్చి, జనాన్ని దాటించి, ఒక పత్తిచేనులో దించబోయాడు. చక్రాలు సాళ్లలో దిగబడి విమానం ముక్కు మీద కూలబడింది. కింద ఒక్కరికి గీత కూడా పడలేదు. అతని నడుము విరిగింది.

కూలిందని ఫోను రాగానే షెడ్డులో ఒకరి బండి మీద నేను అక్కడికి చేరేసరికి, చేను గల ఆమె, ఆమె భర్త, మరికొందరు కలిసి అతన్ని బయటికి తీసి నులకమంచం మీద పడుకోబెట్టారు. ఆమె తన కొంగుతో అతని నోటి నెత్తురు తుడుస్తోంది. నన్ను చూసి అతను ఒకే మాట అన్నాడు.

"అక్కా, కర్ర ఎనుకకు రాలె. నా తప్పు గాదు. కర్ర రాలె."

నల్గొండ దవాఖానలో చూసి, హైదరాబాదు పంపించారు. అతన్ని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పుడే టీవీలో కింద అక్షరాలు పోతున్నాయి: జనం మెప్పు కోసం విన్యాసం చేయబోయి కూల్చిన పైలటు. ఆ మాట చెప్పింది మా యజమాని. నెత్తురు ఆరకముందే చెప్పాడు.

మర్నాడు పొద్దున షెడ్డుకు రమ్మని కబురొచ్చింది. యజమాని, ఇంజనీరు ఇద్దరూ ఉన్నారు. దర్యాప్తు అధికారులు మధ్యాహ్నానికి వస్తారని, అంతకుముందే విమానాన్ని లారీలో షెడ్డుకు తెస్తామని యజమాని చెప్పాడు. తెచ్చాక నేను చేయాల్సిన పని ఒకటుంది. కడుపులోని కన్నానికి గుడ్డ అతికించి, ఇస్త్రీ చేసి, రంగు వేయాలి. అక్కడ కన్నమే లేనట్టు.

"నీ చెయ్యి పడితే అతుకు కనపడదంటరు గద" అన్నాడు.

నేను ఇంజనీరు వైపు తిరిగాను. "మీరు జెప్పుండ్రి సార్. చెయ్యాల్నా?"

ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, చేతులు పట్టుకున్నారు. "జర అర్థం చేసుకో అమ్మా. పిలగాడు ఎట్లయినా ఇంక ఎగురలేడు. పేరు పోతే ఆ పిలగానిదొక్కనిదే పోతది. లేకపోతే మనందరిది పోతది. షెడ్డు మూతపడుతది."

చేతులు విదిలించుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను.

"నడుము పోయింది ఆ పిలగానిది. పేరు సుత ఆ పిలగానిదే పోవాల్నా? మీరు నాకు గుడ్డ తొడుగుడు నేర్పింది గిందుకేనా సార్?"

యజమాని వెనక నుంచి, "ఏయ్, ఎక్కువ మాట్లాడుతున్నవు! పని ఉండదు మల్ల" అన్నాడు.

"నీ పని నువ్వే ఉంచుకో. కుంకుమ గిన్నె గోడ మీదున్నది, అది గూడ తీస్కో" అని బయటికి నడిచాను.

ఎక్కడికి పోవాలో ఆలోచించలేదు. కాళ్లు పత్తిచేను వైపే నడిచాయి. ఒక ఆటో ఆపి ఎక్కాను. విమానం మీద నీలం పట్టా కప్పి ఉంది. కాపలా కానిస్టేబులు టీ తాగడానికి పోయినట్టున్నాడు. చేను గల ఆమె ఒక్కతే పత్తి తీస్తోంది. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లారీ వస్తుందనీ, తీసుకుపోతే ఆ పిలగాడి మీదే తప్పు పడుతుందనీ చెప్పాను. ఆమె పత్తి సంచి నడుము నుంచి విప్పి, విమానం తోక పక్కన నేల మీద కూర్చుంది.

"కూసో అక్కా. ఎట్ల తీస్కపోతరో చూద్దాం" అంది.

ఎంతోసేపు కాకముందే లారీ వచ్చింది. యజమాని మనుషులు నలుగురైదుగురు తాళ్లతో దిగారు. వెనక కారులో యజమాని, ఇంజనీరు. ఇంజనీరు కారు దిగలేదు.

"జరుగున్రి. మా విమానం మేం తీస్కపోతం" అన్నాడు యజమాని.

ఆమె లేవలేదు. "విమానం నీదే. చేను నాది. పోలీసోళ్లు ముట్టొద్దని జెప్పి పోయిన్రు. ముట్టనియ్య."

"నీకు తెల్వదమ్మా, ఇది పెద్దోళ్ల సంగతి."

"నిన్న ఆ పిలగాన్ని ఎత్తినప్పుడు ఒక్క పెద్దోడు రాలె. నా మంచమే పోయింది దవాఖాన దాంక. ఇయ్యాల ఎందుకొస్తున్నరు?"

లారీ మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకడు తాడు తోక మీదికి విసిరాడు. నేను దాన్ని తీసి అవతల పారేశాను. మళ్లీ విసిరాడు. మళ్లీ తీశాను. యజమాని నా భుజం పట్టుకుని లాగాడు. అప్పుడు ఆమె వేసిన కేక నాకు ఇంకా చెవుల్లో ఉంది. పక్క చేన్లలో పత్తి తీస్తున్న ఆడవాళ్లందరూ సాళ్లు దాటుకుంటూ వచ్చేశారు. వచ్చి విమానం చుట్టూ నిలబడ్డారు. కానిస్టేబులు కూడా పరుగెత్తుకొచ్చాడు. యజమాని భుజం వదిలి ఫోను తీశాడు.

అధికారులు వచ్చేదాకా అలాగే ఉన్నాం. వాళ్లు పట్టా తీసి, కడుపులోని కన్నం చూశారు. సీటు వెనకాల గుడ్డ కోసి లోపలికి లైటు వేశారు. గిరక చుట్టూ బంతిపూల దారం నాలుగైదు చుట్లు చుట్టుకుని ఉంది. వాడిన పూలు దానికే వేలాడుతున్నాయి. అది చూడటానికి ఏ చదువూ అక్కర్లేదు. అక్కడున్న ఆడవాళ్లందరికీ అర్థమైంది. "అయ్యో కొడుకా" అని ఒకామె నోరు మూసుకుంది.

ఇంజనీరును కారులోంచి పిలిపించి అడిగారు. గొట్టం తీసిన సంగతి తనకు తర్వాత తెలిసిందన్నారు. తెలియగానే రేడియోలో పిలిచానని, పైలటు పలకలేదని చెప్పారు.

ఆ మాట వినగానే ఆడవాళ్లను తప్పించుకుని ముందుకు వచ్చాను. బటను నొక్కలేదు సరే. భయమనుకుందాం. నొక్కానని చెప్పడం ఏమిటి? ఆయన కళ్లలోకి చూస్తూ, జరిగింది జరిగినట్టు అధికారులకు చెప్పాను. "పిలిచింది నేను. అప్పటికే దూరం పోయిండు. ఈ సార్ పిలువలె." ఆయన నేల చూశారు. నేల చూడటం ఆయనకు అలవాటే.

ఆ తర్వాత సంగతులు పెద్దగా లేవు. పైలటు తప్పు లేదని తేలింది. ఆ వార్త ఏ టీవీలోనూ అక్షరాలుగా పోలేదు. షెడ్డు మూతపడింది. యజమానికి ఏం జరిగిందంటారా? ఏమీ జరగలేదు. కేసు నడుస్తోందని కొన్నాళ్లు అన్నారు. ఆ రన్‌వే మీద ఇప్పుడు ఇళ్లు లేచాయి, అతని ప్లాట్లు చివరికి అమ్ముడుపోయాయి. నా ఉద్యోగం ఆ పత్తిచేనులోనే ముగిసింది. శాలువా, దండ, ఫోటో ఏమీ లేవు. దండ లేనందుకు సంతోషమే. పైలటు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో కర్ర సాయంతో నడుస్తూ, పైలటు పరీక్షలు రాసే పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. బాగా చెబుతాడట. తలెత్తి ఆకాశం చూడాలంటే మాత్రం నడుము సహకరించదు. ఆ మాట అతనే నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

పోయిన ఎండాకాలం ఇంజనీరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. బాగా ముసలివాళ్లయ్యారు. చేతిలో మామిడిపళ్ల సంచి. బస్సులో వచ్చారేమో, చొక్కా చెమటతో తడిసి ఉంది. కుర్చీ వేశాను. కూర్చున్నారు.

"నువ్వు జేసిందే రైటమ్మా" అన్నారు. "నాకు తర్వాత అర్థమైంది."

"తర్వాత గాదు సార్" అన్నాను. "మీకు అప్పుడే తెలుసు."

ఆయన తలూపారు. కళ్లు తుడుచుకున్నారు. నాకు రెంచి పట్టుకోవడం నేర్పిన మనిషి నా ఎదుట ఏడుస్తుంటే, లేచి ఏదైనా ఒక మంచి మాట చెప్పాలని నాకూ అనిపించింది. లేవలేదు. ఆయన మామిడిపళ్ల సంచి కుర్చీ పక్కన పెట్టి, లేచి, మెట్లు దిగి, ఎండలో బస్టాండు వైపు నడిచారు. మా ఇంటి గడప తొక్కిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించడం నా జీవితంలో అదొక్కసారే.